ప్రిస్కిల్లా కుళాయి లెక్క

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయినవాడికి ఆ మాత్రం కోపం ఉంటే తప్పేమిటని మా ఆవిడ శైలజతో వాదిస్తుంటాను. కానీ ప్రిస్కిల్లా విషయంలో మాత్రం ఆ కోపం నన్నే నవ్వులపాలు చేసింది. దాచుకుని బాధపడేకంటే చెప్పుకోవడమే నయమనిపించి ఇది రాస్తున్నాను.

రిటైరయ్యాక ఇంట్లో తోచక, ఆమదాలవలసలో ఓపెన్ స్కూల్ పదో తరగతి వాళ్ళకి ఆదివారం పూట లెక్కలు చెప్పడానికి ఒప్పుకున్నాను. ఆ క్లాసులో కూర్చునేవాళ్ళు పిల్లలు కారు. ఎప్పుడో తప్పి మానేసినవాళ్ళు, పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళు, ఏదో ఒక పోస్టుకి పదో తరగతి సర్టిఫికెట్ కావలసివచ్చినవాళ్ళు. అందరికీ ఒకటే గోల, ముప్పై అయిదు మార్కులు వస్తే చాలని. నాకూ అదే గోలగా ఉండేది. ముఖ్యమైన ప్రశ్నలు ఇరవై ఏరి, బోర్డు మీద రాసి, నోటికి పట్టండర్రా అని చెప్పి ఇంటికి పోయేవాణ్ణి.

రెండేళ్ళ కిందట నవంబరులో ఒక ఆదివారం క్లాసు సగంలో ఉండగా గుమ్మంలోకి ఒకావిడ వచ్చి నిలబడింది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, వయసు ముప్పై అయిదుకి అటూ ఇటూ. పది గంటల క్లాసుకి ఒంటిగంటకి వచ్చింది.

"ఏటమ్మా, ఇది సంతనుకున్నావేటి, ఎప్పుడు బడితే అప్పుడొచ్చీడానికి?" అని అరిచాను.

"చర్చిలో ఆరాధన అయ్యేసరికి పన్నెండయిపోనాది మేస్టారూ. ఆటో దొరకలేదు."

"అయితే పరీక్ష కూడా దేవుడే వచ్చి రాస్తాడా?"

"రాయడు మేస్టారూ. నానే రాయాల. అందుకే వచ్చినాను."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండినా కూర్చోమన్నాను.

పొందూరు దారిలో ఒక పల్లె వాళ్ళది. తండ్రి అబ్రహాం ధాన్యం మిల్లులో బస్తాలు మోసే కళాసీ. తాతల కాలం నుంచీ బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం. చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిలు కంఠత వాక్యాల పోటీలంటే ప్రిస్కిల్లాదే పేరు. ఒక్క అక్షరం మారినా, 'మరియు' అనే మాట జారిపోయినా బహుమతి పోతుంది. ఆమెకి ఎప్పుడూ పోలేదు. "మా ఇంట్లో స్టీలు సామానంతా వాక్యాలదే మేస్టారూ, మా అమ్మ ఒక్క గిన్ని కొన్లేదు" అని తరవాతెప్పుడో నాతో గర్వంగా చెప్పింది. అదే పద్ధతిలో బడి పాఠాలు కూడా మింగేసింది. తొమ్మిదో తరగతి దాకా ఆ బండి నడిచింది. పదిలో లెక్కలు ఆపేశాయి. పందొమ్మిది మార్కులు. మళ్ళీ కట్టలేదు. తాపీమేస్త్రి సంజయ్‌తో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఊళ్ళో అంగన్‌వాడీ కేంద్రంలో ఆయాగా చేరింది. పదకొండేళ్ళుగా అక్కడ వండటం, పిల్లల ముక్కులు తుడవటం, ఊడ్చటం ఆమె పని.

అప్పటికి ఆ కేంద్రంలో టీచరు పద్మకుమారి జూన్‌లో దిగిపోతోంది. పదో తరగతి పాసయిన ఆయా ఉంటే ముందు ఆమెకే అవకాశం ఇస్తారని, లేకపోతే బయటివాళ్ళని తీసుకుంటారని పద్మకుమారే చెప్పి ఈమెను ఓపెన్ స్కూల్లో చేర్పించింది. అంటే ఉన్నది ఒక్క పరీక్ష, ఏప్రిల్‌లో. అది పోతే, ఎక్కడినుంచో వచ్చిన కొత్త టీచరు కింద ఇంకో ఇరవై ఏళ్ళు ఆయాగానే ఉండిపోవాలి.

డిసెంబరులో క్లాసుకి చిన్న పరీక్ష పెట్టాను. కుళాయిల లెక్క ఇచ్చాను. ఒక తొట్టిని ఒక కుళాయి ఆరు గంటల్లోనూ ఇంకొకటి పన్నెండు గంటల్లోనూ నింపితే, రెండూ కలిసి ఎంతసేపట్లో నింపుతాయి? పుస్తకంలో ఉన్న లెక్కే, అంకెలు మాత్రం మార్చాను. పేపర్లు దిద్దుతుంటే ప్రిస్కిల్లా పేపరు చూసి ఒక్క నిమిషం నా కళ్ళని నేనే నమ్మలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. పది గంటల కుళాయి, పదిహేను గంటల కుళాయి, జవాబు ఆరు గంటలు. పుస్తకంలో లెక్కని పుస్తకంలో అంకెలతో, కామాలతో సహా దించేసింది. నేనిచ్చిన ఆరూ పన్నెండూ ఆ పేపరులో ఎక్కడా లేవు.

సున్నా పెట్టి, పేపరు గాల్లో ఊపుతూ అడిగాను. "ఏటిది? ఈ పదీ పదిహేనూ ఎక్కడివి?"

"పుస్తకంలోవి మేస్టారూ. ఒక్క మాట కూడా మార్సలేదు."

మెచ్చుకుంటానని ఆమె ఎదురుచూస్తోంది. అది చూసి నాకు మరీ కోపం వచ్చింది. "ఇది మీ సండే స్కూల్ కాదమ్మా! ఇక్కడ మార్చకపోవడమే తప్పు. తెలిసిందా?" అని బల్ల గుద్దాను.

ఆమె తలొంచుకుంటుందనుకున్నాను. ఒంచుకోలేదు. సున్నా కేసి కాసేపు చూసి, నింపాదిగా అడిగింది. "సరే మేస్టారూ. మార్సాలన్నమాట. మరి ఏటి మార్సాలో, ఏటి మార్సకూడదో ఎలాగ తెలుస్తాది?"

అదే కదా మరి లెక్కంటే! పదో తరగతి పుస్తకంలో పద్నాలుగు అధ్యాయాలూ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే. నా సర్వీసులో కొన్ని వేలమందికి పాఠం చెప్పాను. ఒక్కరూ అలా అడగలేదు. అడిగేలా నేను చెప్పనూ లేదు. "ఇంటికెళ్ళి ఆలోచించుకో" అని చెప్పి తప్పించుకున్నాను.

తరవాతి ఆదివారం ఒక ఉపాయంతో వెళ్ళాను. ఈవిడ రోజూ పిల్లలకి వండుతుంది కదా, వంటతో చెబితే చిటికెలో ఎక్కుతుందని నా లెక్క. "రోజూ పిల్లల సంఖ్య మారుతుంది. ఒక్కొక్కరికి వేసే బియ్యం మారదు. అవునా? అదే మార్చాల్సిందీ మార్చకూడనిదీ" అని గొప్పగా చెప్పి, చేతులు దులుపుకున్నాను.

"అది వంట మేస్టారూ. గుప్పెడు ఎక్కువైనా ఏటీ అవదు, సాయంత్రం పిల్లల తల్లులొస్తే పెట్టీగలను. ఇది లెక్క. ఇందల గుప్పెడెక్కువైతే మీరు సున్నా ఎట్టీసినారు."

నా ఉపాయం అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇక లాభం లేదని, దగ్గరుండి పుస్తకంలోని ఆ కుళాయి లెక్కే మూడుసార్లు చెప్పాను. మూడోసారి గొంతు పెరిగింది. ఆమెకి అడ్డం పడుతున్నది ఒక్కచోటే. పదీ పదిహేనూ కలిపితే ఇరవై అయిదు రావాలి కదా, మరి ఈ ఒకటి బై పది, ఒకటి బై పదిహేను ఎందుకు? ఎందుకంటే అలాగే చేస్తారు కాబట్టి అన్నాను. ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

ఆ తరవాత వారం క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆమె కూర్చుంది. సంచిలోంచి వంద పేజీల నోట్సు తీసి నా ముందు పెట్టింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకటే లెక్క. కుళాయి లెక్క. ఒక్కో పేజీలో ఒక్క అంకె మార్చి, మళ్ళీ మొదటినుంచీ చేసింది. పదీ పదిహేనూ. పదీ పదహారూ. పదీ ఇరవై. మొదటి పేజీల్లో తప్పులే ఎక్కువ. కొట్టివేసి, మళ్ళీ చేసి, మళ్ళీ కొట్టివేసి ఉంది. జీవితంలో కొట్టివేత ఎరగని మనిషి కాగితం చిరిగేలా కొట్టేసింది.

"ఇక్కడ సూడండి" అని ఒక పేజీ మీద వేలు పెట్టింది. "రెండూ పదీ పదీ పెట్టినాను. అయిదొచ్చింది. ఒకలాటి కుళాయిలు రెండిప్పితే సగం సేపట్లో నిండుతాది గదా, అయిదే రావాల! అక్కడ తెలిసిపోనాది మేస్టారూ. మనం కలపాల్సింది గంటల్ని కాదు. గంటకి ఎంత నీరు పడతాదో దాన్ని."

ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది.

"తరవాత రెండోదాన్ని వెయ్యి గంటల కుళాయి సేసీసినాను. సుక్క సుక్క పడేదన్నమాట. పది గంటలకి ఆరు నిమిషాలు తక్కువొచ్చింది. ఉన్నా లేనట్టే. బాగానే సెప్పిందనుకున్నాను."

లెక్క బాగా చెప్పిందనుకుందట! ఎంత ఆనందం వేసిందో ఏం చెప్పను. లెక్క చెప్పేది సరైనదో కాదో ఆమె తన బుర్రతో సరిచూస్తోంది. మా హైస్కూల్లో ఫస్టు వచ్చేవాళ్ళు కూడా వచ్చిన జవాబు కింద రెండు గీతలు కొట్టి పేజీ తిప్పేసేవాళ్ళే తప్ప దాని మొహం చూసేవాళ్ళు కారు.

చివరి పేజీ దగ్గర ఆగింది. "ఇక్కడ సిక్కొచ్చింది. ఒక కుళాయి పది గంటల్లో నింపుతాది, కిందన బెజ్జం పది గంటల్లో ఖాళీ సేస్తాది అనుకున్నాను. తీసేస్తే సున్నా మిగిలింది. ఒకటిని సున్నాతో భాగించాల. పుస్తకం సూస్తే సున్నాతో భాగించకూడదన్నాది. ఎందుకో రాయలేదు. మీరు సెప్పండి."

సున్నాతో భాగాహారం నిర్వచింపబడదు. ఆ మాట నేను ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను. బోర్డు మీద రాసి కింద గీత కొట్టాను. ఎందుకని అడిగినవాడి చెవి మెలిపెట్టాను కూడా. ఇప్పుడు నాకా ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ తోచలేదు. అదే అన్నాను. "నిర్వచింపబడదమ్మా."

"ఊఁ" అంది. నాకేసి జాలిగా చూసిందని ఇప్పటికీ నా అనుమానం. తొట్టి బొమ్మ కేసి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. "పడినంతా పోతంటే ఇంక తొట్టెప్పుడు నిండుతాది? ఎన్ని గంటలకి నిండుతాదనడిగితే ఏ అంకె సెప్పినా అబద్ధమే. పుస్తకం మనమీద కోప్పడతందనుకున్నాను. కాదు. అడిగిందే తప్పు."

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, ఇన్నేళ్ళూ నేను చెప్పిందీ కంఠత వాక్యమే అని. "ఇప్పటికైనా తెలిసింది కదా, కాళ్ళు కడుక్కుని రండి" అంది.

ప్రిస్కిల్లా మీద గౌరవం పెరిగిన మాట నిజమే గానీ భయం కూడా పట్టుకుంది. జనవరి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు గైడు సగం నోటికి పట్టేశారు. ఈవిడకి మూడు అధ్యాయాలు కూడా కాలేదు. తెలుగూ సోషలూ ఆమె పాత పద్ధతిలో అవలీలగా మింగేసింది, వాటితో గొడవ లేదు. లెక్కలు మాత్రం ఒక్కొక్కదాన్నీ పట్టుకుని వేలాడుతోంది. సంజయ్ ఒక ఆదివారం ఆమెను దింపడానికి వచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"మేస్టారూ, మీరైనా సెప్పండి. ఇంటికాడ గోడలన్నీ బొగ్గుతో తొట్లు గీసీసింది. పాసైతే సాలు గదా. పద్మకుమారి టీచరు కూడా తిడతన్నాది, గైడు బట్టీ పట్టీమని."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. "చూడు ప్రిస్కిల్లా, నీకున్న జ్ఞాపకశక్తికి ఇరవై ప్రశ్నలు నెల రోజుల పని. ముందు గట్టెక్కు. ఉద్యోగం వచ్చాక తీరిగ్గా అర్థం చేసుకుందువు గాని" అన్నాను.

ఆమె సంచి మూతి ముడి వేస్తూ చెప్పింది. "మా కేంద్రంలో ఒక గుంట ఉన్నాది మేస్టారూ, నాలుగేళ్ళ పిల్ల. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా సెప్పీసేది. టీచరుగారు ముద్దెట్టుకునీవారు. ఒకరోజు మూడు గ్లాసులు తెమ్మన్నాను. గ్లాసుల కాడికెళ్ళి నిలబడిపోనాది. ఎన్ని తేవాలో తెలీదు. ఏడిసీసింది. ఆ గుంటని ఎత్తుకున్నాను గానీ, నాకూ ఏడుపొచ్చింది. అది నానే గదా! నన్నెవరూ గ్లాసులు తెమ్మనలేదు, అంతే. రేపు నాను టీచరయి ఇంకా ఇరవైమందిని అలాగే తయారుసేస్తే, ఆ ఉద్యోగం నాకెందుకు?"

ఆ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఆ రోజు నుంచి ఇరవై ప్రశ్నల జాబితా పక్కన పడేశాను. క్లాసయ్యాక గంటన్నర ఆమెతో కూర్చునేవాణ్ణి. ఆమె అడిగేది. నాకు తెలియనివి తెలియవని ఒప్పుకోవడం నేర్చుకున్నాను. ఆ వయసులో అది మా చెడ్డ కష్టం. ఇంటికొచ్చి పాత పుస్తకాలు తిరగేసి మళ్ళీ వారం చెప్పేవాణ్ణి. సగటు, వడ్డీ, శాతాలు, సమీకరణాలు, వైశాల్యాలు ఇలా ఒక్కొక్కటీ ఆమె చేతికి చిక్కాయి. చిక్కినది మళ్ళీ జారలేదు.

మార్చి చివరికి కొన్ని అధ్యాయాలు అసలు ముట్టుకోనే లేదు. పాస్ మార్కులకి సరిపోతుందో లేదో నాకే ధైర్యం చాలలేదు. అప్పుడు మళ్ళీ నా పాత బుద్ధి బయటపడింది. పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ తప్పకుండా ఇస్తారని నా నమ్మకం. "దీనికి అర్థం గిర్థం అడక్కు. ఎనిమిది మార్కులు. మింగీ అంతే" అన్నాను. వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. ఒక్క పూటలో మింగేసి, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అప్పజెప్పేటప్పుడు ఆమె మొహంలో ఏ వెలుగూ లేదు.

లెక్కల పరీక్ష రోజు నాకు అక్కడ ఏ పనీ లేదు. అయినా ఎండలో వెళ్ళి గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడ్డాను. ప్రిస్కిల్లా బయటికి వచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"డెబ్బై మార్కులకే రాసినాను మేస్టారూ. మిగతాయి ఒగ్గీసినాను. మనం సూడనివి."

"కుళాయి లెక్క ఇచ్చారా?"

"లేదు. ఇద్దరు మేస్త్రులు గోడ కట్టేది ఇచ్చినారు. కుళాయిలయితేనేటి, మేస్త్రులయితేనేటి! మా ఆయన్ని ఒకడుగా పెట్టుకుని సేసీసినాను."

"పైథాగరస్?"

"ఇచ్చినారు. రాసీసినాను, నోటికొచ్చినది వచ్చినట్టే." కాస్త సిగ్గుపడింది. "అర్థం కాకపోతే రాయకూడదనుకున్నాను గానీ, ఉద్యోగం కావాల గదా మేస్టారూ."

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. టీకొట్టువాడు మమ్మల్ని వింతగా చూశాడు.

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో యాభై నాలుగు. నా క్లాసులో గైడు మింగినవాళ్ళలో ఎక్కువ వచ్చినవాళ్ళూ ఉన్నారు, తప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంగతి నాకు గుర్తు లేదు. ఈ యాభై నాలుగు మాత్రం మా ఇంట్లో క్యాలెండరు మీద రాసుకున్నాను. జూన్ నెలాఖరులో ఆమెకి టీచరుగా చేరమని కాగితం వచ్చిందని సంజయ్ ఫోన్ చేసి చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆపి, తరవాత చేస్తానని పెట్టేశాడు.

మర్నాడు పదిగంటలకి ప్రిస్కిల్లా మా గుమ్మంలో నిలబడింది. స్వీట్లు తెచ్చిందనుకుని శైలజ ఎదురెళ్ళింది. తెచ్చింది కూడా. ఆ పొట్లం శైలజ చేతికిచ్చి, సంచిలోంచి కొత్త నోట్సు, పెన్సిలు, స్కేలు తీసింది.

"సోమవారం సేరిపోవాల మేస్టారూ. సేరితే ఇంక తీరదు. ఆ సిద్ధాంతం ఇప్పుడు సెప్పండి."

"ఏ సిద్ధాంతం?"

"పైథాగరస్ది. దానికి ఎనిమిది మార్కులూ ఇచ్చేసుంటారు. రెండు సతురస్రాలూ కలిపితే మూడోదెందుకయిపోవాలో నాకు తెలీదు."

"పాసయ్యావు కదమ్మా! ఉద్యోగం కూడా వచ్చింది. మూడేళ్ళ పిల్లలకి పైథాగరస్ చెబుతావేమిటి ఇప్పుడు?"

"పాసయిపోనాను మేస్టారూ. అర్థం కాలేదు."

ఫలితాలు వచ్చాక పాఠం చెప్పమని నా గడప తొక్కిన మనిషి నా సర్వీసు మొత్తంలో ఇంకొకరు లేరు. కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చుని త్రిభుజం గీశాను. ఏబీసీ అని పేర్లు పెట్టాను. నిరూపణ మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది. ఆ వాక్యం, దాని వెనక వాక్యం, చివరి వాక్యం, అన్నీ వరసగా వస్తాయి నాకు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పెన్సిలు కాగితం మీద పెట్టి ఆగిపోయాను.

"ప్రిస్కిల్లా, నిజం చెప్పీమంటావా?" అన్నాను. "ఇది నాకూ నోటికొచ్చు, అంతే. ఎందుకలా అవుతుందో నేనెన్నడూ ఆగి చూసుకోలేదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. నవ్వనూ లేదు. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, నా చేతిలో పెన్సిలు తీసుకుంది.

"పోన్లెండి మేస్టారూ. ఈ పూట నాకు వేరే పనేటీ లేదు. ఇద్దరం సూద్దాం."